గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్ క్యాన్సర్ కణాలను ఆపుతాయంటున్నారు, అమ్మకు వేయొచ్చా?

చినుకు:

అందరికీ నమస్కారం. అమ్మకు మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలో వచ్చే బ్లడ్ క్యాన్సర్), ట్రీట్‌మెంట్ మొదలై కొన్ని నెలలైంది. మందులు బాగానే పనిచేస్తున్నాయని డాక్టర్ గారు చెప్పాక మాకూ కాస్త ధైర్యం వచ్చింది. ఈలోగా మా మామయ్య గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్ డబ్బా తెచ్చిచ్చాడు. ఒక్కోదాంట్లో 400 మిల్లీగ్రాముల ఈజీసీజీ (గ్రీన్ టీలో ఉండే ఒక పదార్థం) ఉందని డబ్బా మీద రాసి ఉంది. రోజుకు రెండు వేసుకోమన్నాడు, అదీ ఖాళీ కడుపుతో, అప్పుడైతేనే ఒంటికి బాగా పడుతుందట. ఆయన ప్రేమతోనే చెప్తున్నాడు, అక్కను కాపాడుకోవాలని ఆయన తాపత్రయం.

నేను ఊరికే నమ్మేయకుండా కూర్చుని చదివాను. చదివినకొద్దీ ఆయన చెప్పిందే నిజమేమో అనిపిస్తోంది. రొమ్ము క్యాన్సర్ కణాలు, ప్రొస్టేట్, పెద్దపేగు, లుకేమియా, ఏ కణాల మీద పరీక్షించినా ఈజీసీజీ వాటి పెరుగుదలను ఆపిందనో, అవి వాటంతటవే చచ్చిపోయేలా చేసిందనో రాశారు. అలాంటి పేపర్లు ఒకటీ అరా కాదు, చదువుతూ పోతే అంతే లేదు. అన్ని ల్యాబుల్లో పనిచేసింది మనిషి ఒంట్లో ఎందుకు పనిచేయదు? పనిచేసేదైతే డాక్టర్లు ఎందుకు రాయడం లేదు? పనిచేయకపోయినా ఆకుల్లోంచి తీసిందే కదా, నష్టమేముంది అని మామయ్య అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అమ్మ మొన్నటి నుంచి వేసుకోవడం మొదలుపెట్టింది. డాక్టర్ని అడుగుదామంటే వద్దంటోంది, కోప్పడతారేమోనని ఆమెకు టెన్షన్. తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి, పైపైన చెప్తే మా ఇంట్లో ఎవరూ వినరు.

కల్చర్‌ప్లేట్:

క్యాన్సర్ కణాలను పెంచి వాటి మీద రకరకాల పదార్థాలను పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను, అందులో ఈజీసీజీ కూడా ఒకటి. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను, మందుల సంగతి తెలిసినవాళ్లు మిగతాది చెప్తారు.

మీరు చదివిన పేపర్లు అబద్ధాలు కావు. తేయాకులో కాటెచిన్లు అనే పాలీఫెనాల్స్ ఉంటాయి, వాటిలో ముఖ్యమైనవి నాలుగు, ఆ నాలుగింట్లో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఈజీసీజీ. పూర్తి పేరు ఎపిగాలోకాటెచిన్ గాలేట్. మామూలు టీపొడి తయారీలో ఆకును ఆక్సిడైజ్ కానిస్తారు కాబట్టి ఈ కాటెచిన్లు చాలావరకు థియాఫ్లావిన్లు, థియారుబిజిన్లుగా మారిపోతాయి. గ్రీన్ టీకి ఆకును ముందే వేడి చేసి ఆ మార్పును ఆపేస్తారు, అందుకే పరిశోధనలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. 1987లో జపాన్‌లో హిరోటా ఫుజికి బృందం ఎలుకల చర్మం మీద ఈజీసీజీ రాస్తే కణితులు పెరగడం తగ్గిందని చూపించింది, ఈ కథ ఎక్కువగా అక్కడి నుంచి ఊపందుకుంది.

తర్వాత వచ్చిన పేపర్లలో కనపడేది ఇది. కణం విభజనకు సిద్ధమయ్యే జీ1 దశలోనే ఆగిపోతుంది, ఎందుకంటే విభజనకు బ్రేకు వేసే పీ21, పీ27 ప్రోటీన్లు పెరుగుతాయి, ముందుకు తోసే సైక్లిన్ డీ1 తగ్గుతుంది. పెరగమని సంకేతాలు పంపే ఈజీఎఫ్ఆర్, హెర్2 రిసెప్టర్లు మందగిస్తాయి, వాటి వెనకున్న ఏకేటీ, ఎన్ఎఫ్ కప్పా బీ దారులు కూడా. చావును అడ్డుకునే బీసీఎల్2 తగ్గి, కాస్పేజ్ ఎంజైములు మేలుకుని, కణం లోపలి నుంచి తనను తాను కూల్చేసుకుంటుంది, దాన్నే అపాప్టోసిస్ అంటాం. కొత్త రక్తనాళాలు పుట్టించే వీఈజీఎఫ్ కూడా తగ్గినట్టు చూపించారు. 2004లో జపాన్‌లోని క్యుషు యూనివర్సిటీ వాళ్లు కణం పైపొర మీద ఈజీసీజీ అతుక్కునే ఒక రిసెప్టర్‌ని కూడా గుర్తించారు, అది 67 కిలోడాల్టన్ల లామినిన్ రిసెప్టర్.

ఒకే అణువు ఇన్ని చోట్ల పనిచేస్తుందంటే చదివేవాళ్లకు గొప్పగా అనిపిస్తుంది. నాకు మాత్రం అక్కడే అనుమానం మొదలవుతుంది. ఈజీసీజీ అణువులో ఎనిమిది ఫినోలిక్ హైడ్రాక్సిల్ గ్రూపులు ఉంటాయి, వాటివల్ల అది కనిపించిన ప్రోటీన్‌కల్లా అతుక్కుంటుంది. స్ట్రాంగ్ గ్రీన్ టీ తాగితే నోరు వగరుగా పట్టేసినట్టు ఉంటుంది చూడండి, అది లాలాజలంలోని ప్రోటీన్లకు ఈ కాటెచిన్లు అతుక్కోవడం వల్లే. అన్నిటికీ అతుక్కునే పదార్థం ఏ పరీక్షలో పెట్టినా ఏదో ఒక ఫలితం చూపిస్తుంది. కొత్త మందుల కోసం వెతికే కెమిస్టులు ఇలాంటి అణువులను ముందే ఒక పక్కన పెట్టేస్తారు, పరీక్షను తప్పుదారి పట్టించే రకాలని వాటికి వేరే జాబితాయే ఉంది, ఈజీసీజీ అందులో పేరున్నదే.

ఇంకో రెండు సంగతులు ఉన్నాయి, మీ మామయ్య గారికి చెప్పాల్సినవి అసలు ఇవే.

ఒకటి మోతాదు. ప్లేటులో కణాల మీద మేం వేసేది సాధారణంగా 20 నుంచి 100 మైక్రోమోలార్ (ద్రవంలో పదార్థం ఎంత గాఢంగా ఉందో చెప్పే కొలత), కొందరు అంతకంటే ఎక్కువ కూడా వేస్తారు. రెండు మూడు కప్పుల గ్రీన్ టీ తాగాక రక్తంలో కనపడేది 1 మైక్రోమోలార్ కన్నా తక్కువ. క్యాప్సూల్స్ ఖాళీ కడుపుతో పెద్ద డోసులో వేసుకుంటే ఇంకాస్త పెరుగుతుంది, అయినా 10 చేరడం కష్టం, అది కూడా కొన్ని గంటల్లోనే పడిపోతుంది. పేగుల్లోంచి లోపలికి వెళ్లేదే చాలా తక్కువ, వెళ్లినదాన్ని కూడా పేగు గోడ, లివర్ కలిసి రకరకాల గ్రూపులు తగిలించి బయటికి పంపేస్తాయి, మిగిలినదాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు చేస్తుంది. కాబట్టి ప్లేటులో కణం చూసిన ఈజీసీజీ వేరు, ఎముక మజ్జలో ఉన్న మైలోమా కణం చూడబోయే ఈజీసీజీ వేరు.

రెండోది, చాలామంది పట్టించుకోనిది. కణాలను పెంచే ద్రావకంలో ఈజీసీజీ నిలకడగా ఉండదు. ఆక్సిజన్‌తో చర్య జరిగి తనే చెడిపోతూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని పుట్టిస్తుంది. ఆ పెరాక్సైడ్ కణాలను చంపుతుంది. ద్రావకంలో పెరాక్సైడ్‌ని విడగొట్టే కాటలేజ్ ఎంజైమ్ కలిపితే చాలా ప్రయోగాల్లో ఆ చావులు తగ్గిపోయాయి. అంటే ఆ ప్రయోగాల్లో కణాలను చంపింది ఈజీసీజీ అనడం కన్నా, ఆ ప్లేటులో, ఆ గాలిలో పుట్టిన పెరాక్సైడ్ అనడం సరైనది. ఒంట్లో ఆక్సిజన్ అంత ఉండదు, కాటలేజ్ మాత్రం కణకణంలో ఉంటుంది. పేపర్ చదివేటప్పుడు మెథడ్స్ భాగంలో కాటలేజ్ అన్న మాట ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ ఫలితాన్ని నేనైతే సగమే నమ్ముతాను.

ఎలుకల్లో పరిస్థితి కొంత మెరుగు. తాగేనీళ్లలో గ్రీన్ టీ కలిపి ఇచ్చిన ఎలుకల్లో చర్మపు కణితులు, ప్రొస్టేట్ కణితులు తగ్గిన ప్రయోగాలు ఉన్నాయి, వాటిని కొట్టిపారేయలేం. అయితే వాటిలో చాలావరకు కణితి రాకముందు నుంచే ఇస్తూ వచ్చినవి. ఉన్న క్యాన్సర్‌ని కరిగించడం పూర్తిగా వేరే పని.

మందులచీటీ:

పైన చెప్పినదంతా బాగుంది, చదవండి. కానీ చినుకు గారూ, అంతకంటే ముందు ఒక్క సంగతి చెప్పండి. అమ్మగారికి ఇస్తున్న మందుల పేర్లు ఏంటి? డిశ్చార్జ్ సమ్మరీలోనో ఇంజెక్షన్ చార్టులోనో ఉంటాయి. మైలోమా అన్నారు కాబట్టి అడుగుతున్నాను, అందులో ఒక మందు ఉంటే విషయం చాలా సీరియస్. మీరు జవాబిచ్చేదాకా ఆ క్యాప్సూల్స్ వేయొద్దు. నేను క్లినికల్ ఫార్మసిస్టుని, క్యాన్సర్ మందులు కలిపే విభాగంలో పని.

చినుకు:

చార్టు చూశాను. బోర్టెజోమిబ్ ఇంజెక్షన్, పొట్ట దగ్గర చర్మం కింద ఇస్తారు, వారానికి ఒకసారి. దానితోపాటు లెనలిడోమైడ్ మాత్రలు, డెక్సామెథసోన్. ఇంకా ఎముకలకు ఏదో ఇంజెక్షన్ ఉంది. రేపు కాదు ఎల్లుండి మళ్లీ ఇంజెక్షన్ ఉంది. భయంగా ఉందండి, అసలు ఏంటి సమస్య?

మందులచీటీ:

భయపడకండి, సమయానికే అడిగారు. కానీ క్యాప్సూల్స్ ఇప్పుడే ఆపేయండి. ఎందుకో వివరంగా చెప్తాను, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

మన కణాల్లో పాడైన ప్రోటీన్లను ముక్కలు చేసి పారేసే ఒక యంత్రాంగం ఉంటుంది, దాని పేరు ప్రోటియజోమ్. ఊళ్లో చెత్త ఎత్తే బండి లాంటిది అనుకోండి. మైలోమా కణాలు యాంటీబాడీ ప్రోటీన్లను విపరీతంగా తయారుచేస్తాయి, కాబట్టి వాటిలో చెత్త కూడా ఎక్కువే, ప్రోటియజోమ్ ఆగితే మిగతా కణాల కన్నా ముందు అవే కూలిపోతాయి. బోర్టెజోమిబ్ చేసేది ఆ పనే, 2003 నుంచి వాడుకలో ఉంది, మైలోమా రోగుల జీవితాన్ని మార్చిన మందుల్లో ఇది ఒకటి. ఆ అణువులో బోరాన్ ఉన్న ఒక కొస ఉంటుంది, బోరానిక్ ఆసిడ్ అంటారు, ప్రోటియజోమ్‌ని పట్టుకునేది ఆ కొసతోనే.

ఈజీసీజీలో పక్కపక్కనే ఉన్న హైడ్రాక్సిల్ గ్రూపులకు సరిగ్గా ఆ బోరాన్ కొసే ఇష్టం. రెండూ ఎదురుపడితే నేరుగా అతుక్కుంటాయి, అతుక్కున్నాక ఆ మందు ప్రోటియజోమ్‌ని పట్టుకోలేదు. 2009లో బ్లడ్ అనే వైద్య పత్రికలో దీని మీద పేపర్ వచ్చింది. ల్యాబులో ఈజీసీజీకి కూడా కొద్దిగా ప్రోటియజోమ్‌ని ఆపే గుణం ఉందని అంతకుముందే తెలుసు, కాబట్టి రెండూ కలిస్తే ఇంకా బాగా పనిచేస్తాయనే ఎవరైనా ఆశిస్తారు. తేలింది దానికి పూర్తిగా వ్యతిరేకం. మైలోమా కణాల మీద బోర్టెజోమిబ్ పని దాదాపు ఆగిపోయింది, ఎలుకల్లో కూడా ఆ మందు ప్రభావాన్ని ఈజీసీజీ అడ్డుకుంది. బోరాన్ లేని వేరే ప్రోటియజోమ్ మందులతో మాత్రం అలా జరగలేదు, అంటే గొడవంతా ఆ కొస దగ్గరే.

పూర్తి నిజం చెప్పాలి కాబట్టి ఇది కూడా చెప్తున్నాను. 2011లో వచ్చిన ఇంకో ఎలుకల ప్రయోగంలో, రక్తంలో ఈజీసీజీ అంత ఎక్కువ స్థాయిలో లేనప్పుడు మందు పని తగ్గలేదు. మనుషుల్లో ఎవరూ కావాలని పరీక్షించి చూడరు, చూడకూడదు కూడా. కాబట్టి మొన్న వేసుకున్న క్యాప్సూల్స్ వల్ల ఇంతవరకు జరిగిన ట్రీట్‌మెంట్ పాడైందని అనుకోకండి. కానీ ముందు ముందు వేసుకోవడానికి ఒక్క కారణం కూడా లేదు. ఒకవైపు పనిచేస్తున్నట్టు రిపోర్టుల్లో కనపడుతున్న మందు, ఇంకోవైపు ప్లేటు దాటి రాని ఆశ. ఆ ఆశ కోసం ఆ మందుని పణంగా పెట్టకూడదు. నాకు ఈ విషయంలో కోపం వచ్చేది కూడా ఇక్కడే, డబ్బా మీద క్యాన్సర్ మందులు వాడేవాళ్లకు హెచ్చరిక అనే మాటే చాలాసార్లు ఉండదు.

కప్పులో తాగే గ్రీన్ టీ సంగతి అడుగుతారు. బోర్టెజోమిబ్ నడుస్తున్నంతకాలం అది కూడా మానేయమని చాలామంది ఆంకాలజిస్టులు చెప్తారు. నేనూ అదే అంటాను, అమ్మగారి డాక్టర్ ఏం చెప్తే అది పాటించండి.

ఇక లివర్. ఇది ఏ మందు వాడుతున్నా వర్తిస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ ఈఎఫ్ఎస్ఏ 2018లో లెక్కలన్నీ చూసి, సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ తీసుకుంటే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని చెప్పింది. మీ మామయ్య గారు చెప్పిన రెండు క్యాప్సూల్స్ కలిపితే సరిగ్గా 800. తర్వాత యూరోపియన్ యూనియన్ రోజువారీ మోతాదు 800 లోపే ఉండాలని, ఖాళీ కడుపుతో తీసుకోవద్దని లేబుల్ మీద రాయాలని రూల్ పెట్టింది. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుందన్న మాట నిజమే, రక్తంలోకి ఎక్కువ వెళ్తుంది, కానీ లివర్‌కి తగిలే దెబ్బ కూడా అప్పుడే ఎక్కువ. కొందరికి పుట్టుకతో వచ్చే హెచ్ఎల్ఏ బీ 35:01 అనే జన్యు రకం ఉంటే ఈ ముప్పు పెరుగుతుందని కూడా తేలింది, అది ఎవరికుందో చూస్తే తెలియదు. లెనలిడోమైడ్ వాడేవాళ్లకు లివర్ పరీక్షలు ఎలాగూ చేస్తుంటారు, అందులో తేడా వస్తే అది మందు వల్లా క్యాప్సూల్ వల్లా అని డాక్టర్ తల పట్టుకోవాలి, ఒక్కోసారి అవసరమైన మందునే ఆపాల్సి వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: రేపే హాస్పిటల్‌కి ఫోన్ చేసి క్యాప్సూల్స్ పేరు, ఒక్కోదాంట్లో ఎంత ఉంది, ఎప్పటి నుంచి వేసుకుంటున్నారు, చివరిది ఎప్పుడు వేసుకున్నారు చెప్పండి. ఇంజెక్షన్ ఆ రోజే ఇవ్వాలా, ఒకటి రెండు రోజులు ఆగాలా అన్నది వాళ్లే నిర్ణయిస్తారు. మీ అంతట మీరు వాయిదా వేయొద్దు. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్లంతా దురద, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఫోన్‌తో సరిపెట్టకుండా నేరుగా తీసుకెళ్లండి.

పచ్చాకు:

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, రెండో వైపు కూడా చెప్పాలి కదా. మేయో క్లినిక్ వాళ్లు సీఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ రోగులకు గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చి చూశారు, చాలామందిలో లింఫ్ గడ్డలు తగ్గాయి, కొందరిలో రక్తంలో క్యాన్సర్ కణాల లెక్క కూడా తగ్గింది. ఇటలీలో 2006లో ప్రొస్టేట్ మీద చేసిన ప్రయోగం అయితే ఇంకా స్పష్టంగా ఉంది. క్యాన్సర్‌కి ముందు దశలో ఉన్న 60 మందిలో సగం మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల కాటెచిన్లు ఏడాదిపాటు ఇచ్చారు, వాళ్లలో ఒక్కరికే క్యాన్సర్ వచ్చింది, ఇవ్వని 30 మందిలో 9 మందికి వచ్చింది. ఇవన్నీ మనుషుల మీద చేసినవే, ప్లేటులో కాదు. బోర్టెజోమిబ్ సంగతి ఒప్పుకుంటాను, అది వేరే. కానీ మొత్తానికి పనికిరాదని తీసిపారేయడం అన్యాయం.

గణాంకం:

పచ్చాకు గారూ, మీరు చెప్పిన రెండూ నిజమైన ప్రయోగాలే, అవి నాకూ ఆసక్తి కలిగించినవే. వాటి తర్వాత ఏం జరిగిందో కూడా కలిపి చెప్తేనే బొమ్మ పూర్తవుతుంది.

ఇటలీ ప్రయోగం చిన్నది, ఒకరికి 9 మందికి తేడా ఎంత పెద్దగా కనిపించినా మొత్తం 60 మందే. అదే ప్రశ్నతో అమెరికాలో 97 మంది మీద ఇంకో ప్రయోగం చేసి 2015లో ఫలితాలు వేశారు. రోజుకు 400 మిల్లీగ్రాముల ఈజీసీజీ, ఏడాదిపాటు, ఎదురుగా ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర. క్యాన్సర్ వచ్చినవాళ్ల సంఖ్యలో రెండు గ్రూపుల మధ్య నమ్మదగిన తేడా రాలేదు. మొదటి చిన్న ప్రయోగంలో మెరిసింది రెండోదానిలో మసకబారడం క్యాన్సర్ పరిశోధనలో మామూలే, అందుకే ఒక్కదాన్ని చూసి గంతులేయకూడదు.

మేయో క్లినిక్ ప్రయోగంలో రెండో దశలో 42 మంది, రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ 2000 మిల్లీగ్రాములు. మీ క్యాప్సూల్స్‌తో పోలిస్తే రోజుకు పది క్యాప్సూల్స్ లెక్క, డాక్టర్ల కళ్లముందు, తరచూ రక్తపరీక్షలతో. వాళ్లు లక్షణాలు లేకుండా, ఇంకా ఏ ట్రీట్‌మెంటూ అవసరం లేని తొలిదశలో ఉన్నవాళ్లు. పోల్చడానికి ప్లాసిబో గ్రూపు లేదు. కొందరిలో సంఖ్యలు తగ్గింది నిజం, దానివల్ల వాళ్లు ఎక్కువకాలం బతికారా అన్నది ఆ ప్రయోగంతో తేలదు. ట్రీట్‌మెంట్ మధ్యలో ఉన్న మైలోమా రోగికి దీన్నుంచి తీసుకోగలిగింది ఏమీ లేదు.

పెద్ద లెక్కలు చూద్దాం. జపాన్‌లో గ్రీన్ టీ రోజూ తాగే అలవాటు ఉంది కాబట్టి అక్కడి లెక్కలు ముఖ్యం. మియాగి ప్రాంతంలో 26,311 మందిని గమనించి 2001లో వేసిన ఫలితంలో గ్రీన్ టీ తాగినవాళ్లకు కడుపు క్యాన్సర్ తగ్గలేదు. అదే ప్రాంతంలో 40,530 మందిని 11 ఏళ్లపాటు గమనించిన ఒసాకి అధ్యయనం 2006లో వచ్చింది, అందులో గుండెజబ్బుల వల్ల మరణాలు ఎక్కువ కప్పులు తాగేవాళ్లలో తక్కువగా ఉన్నాయి, క్యాన్సర్ మరణాల్లో మాత్రం అలాంటి సంబంధం కనిపించలేదు. 2020లో కాక్రేన్ సంస్థ 142 అధ్యయనాలను, 11 లక్షల మందికి పైగా లెక్కలను ఒకచోట చేర్చి చూసి, గ్రీన్ టీ క్యాన్సర్‌ని ఆపుతుందనడానికి ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని చెప్పింది.

మిన్నెసోటాలో చేసినది నాకు అన్నిటికంటే ఉపయోగకరంగా అనిపిస్తుంది. ఎక్స్‌రేలో రొమ్ము దట్టంగా కనిపించే, అంటే క్యాన్సర్ ముప్పు కాస్త ఎక్కువున్న 1,075 మంది స్త్రీలు, రోజుకు 843 మిల్లీగ్రాముల ఈజీసీజీ లేదా ప్లాసిబో, ఒక ఏడాది. మొత్తంగా చూస్తే రొమ్ము దట్టం తగ్గలేదు. లివర్ పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడాలు మాత్రం ఎక్స్‌ట్రాక్ట్ తీసుకున్నవాళ్లలో 6.7 శాతం మందికి, ప్లాసిబో వాళ్లలో 0.7 శాతం మందికి వచ్చాయి. వాళ్లందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, చినుకు గారూ. నష్టమేముంది అన్న మామయ్య గారి ప్రశ్నకు ఈ రెండు అంకెలు చూపించండి.

కల్చర్‌ప్లేట్:

పచ్చాకు గారి మాటలో ఒకటి మాత్రం నేను ఒప్పుకుంటాను, ఈ అణువు మొత్తానికి పనికిరానిది కాదు. తేయాకు కాటెచిన్లతో చేసిన ఒక ఆయింట్‌మెంట్‌ని హెచ్‌పీవీ వైరస్ వల్ల మర్మాంగాల దగ్గర వచ్చే పులిపిర్లకు అమెరికా ఎఫ్‌డీఏ 2006లోనే ఆమోదించింది. రేడియేషన్ తీసుకునే రొమ్ము క్యాన్సర్ రోగుల చర్మం మీద ఈజీసీజీ ద్రావణం చల్లితే చర్మం కమలడం తగ్గిందని చైనాలో చేసిన ప్రయోగం 2022లో వచ్చింది. గమనించండి, రెండూ పైపూతలే. పేగులు, లివర్ దాటాల్సిన పని లేకుండా కావలసిన చోట కావలసినంత నేరుగా అందుతుంది. నేను మోతాదు గురించి అంతసేపు చెప్పింది అందుకే.

ఇంకో చిన్న మాట, ఏ టీ తాగేవాళ్లకైనా. 65 డిగ్రీల సెల్సియస్ కన్నా వేడిగా ఉన్న పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కి దారితీసే అవకాశం ఉన్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2016లో వర్గీకరించింది. కప్పులో ఏముందన్నదానికంటే ఎంత వేడిగా తాగుతున్నామన్నదే అక్కడ లెక్క. క్యాన్సర్ రాకూడదని పొగలు కక్కుతున్న గ్రీన్ టీ గటగటా తాగేవాళ్లు ఇది తెలుసుకుంటే మంచిది.

చినుకు:

అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. పొద్దున్నే హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. అక్కడి నర్సు గారు ఒక్క మాట కూడా కోప్పడలేదు, డబ్బా మీదున్న వివరాలన్నీ రాసుకుని డాక్టర్ గారిని కనుక్కుని మళ్లీ చేశారు. క్యాప్సూల్స్ పూర్తిగా ఆపమన్నారు, గ్రీన్ టీ కూడా వద్దన్నారు, రేపు ఇంజెక్షన్‌కి ముందు లివర్ పరీక్ష చేసి చూస్తామన్నారు. అమ్మ స్పీకర్‌లో అంతా విన్నది, ఆమె భయం సగం అక్కడే పోయింది.

మామయ్యకు బోరాన్ కొస సంగతి, 6.7, 0.7 అంకెలు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత డబ్బా తనే తీసుకెళ్లాడు. వెళ్తూ, ఆ సంచిలో విటమిన్ సీ మాత్రలు కూడా ఉన్నాయి, 1000 మిల్లీగ్రాములవి, అవైనా వేయండి రోగనిరోధక శక్తికి మంచిది అన్నాడు. అవి ఫర్వాలేదు కదా?

మందులచీటీ:

వద్దండి, వాటినీ ఆపండి. విటమిన్ సీ కూడా బోర్టెజోమిబ్‌లోని అదే బోరాన్ కొసకు అతుక్కుంటుంది, ల్యాబులోనూ ఎలుకల్లోనూ మందు పనిని తగ్గించినట్టు తేలింది. రోజూ తినే పండ్లు, కూరల గురించి కంగారు పడక్కర్లేదు, ఇలా వందల మిల్లీగ్రాములు ఒక్కసారిగా వేసే మాత్రలతోనే సమస్య. అమ్మగారు ఎప్పుడైనా వేసుకుని ఉంటే రేపు అది కూడా చెప్పండి. ఆ సంచిలో ఇంకేమేం ఉన్నాయో అన్నిటినీ, మల్టీవిటమిన్ల దగ్గర్నుంచి మూలికల పొడుల దాకా, వెనక లేబుల్ ఫోటోలు తీసుకుని వెళ్లండి, ఇంజెక్షన్ కలిపే ముందే అక్కడి ఫార్మసిస్టుకి చూపించండి.